హైదరాబాద్ సంస్థానపు నాణేలు, నోట్లు, తపాలా బిళ్ళలు

ఆసఫ్ జాహీ పాలకుల హైదరాబాద్ సంస్థానానికి సొంత టంకసాల ఉండేది, సొంత కాగితపు కరెన్సీ ఉండేది, సొంత తపాలా శాఖ ఉండేది. బ్రిటిష్ ఇండియాలోని సంస్థానాల్లో కొన్నిటికి వీటిలో ఏదో ఒకటో రెండో ఉన్నాయి. మూడూ దశాబ్దాల తరబడి పక్కపక్కనే నడిచిన పెద్ద సంస్థానం మాత్రం ఇదే. తపాలా బిళ్ళలు 1869లో మొదలై 1950లో ఆగిపోయాయి. నోట్లు 1918లో వచ్చాయి. నాణేలు వీటన్నిటికంటే పాతవి. సంస్థానం పోయాక కూడా కొన్నేళ్ళ పాటు అవి జనం చేతుల్లో తిరిగాయి.

సేకరణలోకి కొత్తగా అడుగుపెట్టేవాళ్ళు సాధారణంగా ఒక దారి పడతారు. నాణేలంటే నాణేలే, బిళ్ళలంటే బిళ్ళలే. రెంటికీ వేర్వేరు సంఘాలు, వేర్వేరు కేటలాగులు ఉంటాయి. హైదరాబాద్ విషయంలో ఆ పద్ధతి వల్ల నష్టమే ఎక్కువ. ఇక్కడి పాలకుడికి ఎంత అధికారం ఉండేది, ఆ అధికారం సరిహద్దు ఎక్కడ ఆగేది, ఏ భాషల ప్రజలను ఉద్దేశించి మాట్లాడేది అన్న ప్రశ్నలకు నాణెం ఒక జవాబు చెబుతుంది, నోటు ఇంకొకటి చెబుతుంది, తపాలా బిళ్ళ మరొకటి చెబుతుంది. మూడూ పక్కపక్కన పెట్టుకుంటే తప్ప సంగతి పూర్తిగా అర్థం కాదు.

బాదుషా పేరు, ఆ తర్వాత 92

1724 నుంచి ఆసఫ్ జాహీ వంశకర్త నిజాముల్ముల్క్ దక్కనును తన చెప్పుచేతల్లోనే ఉంచుకున్నా, నాణెం మీద ఢిల్లీ బాదుషా పేరును తీసెయ్యలేదు. పేరుకు తాను మొగలుల సుబేదారు. ఆ మర్యాదను ఆయన వారసులు కూడా 130 ఏళ్ళకు పైగా పాటించారు. ఎవరి ఏలుబడిలో ఉన్న నాణెమో తెలియడానికి తమ పేరులోని ఒక అక్షరాన్ని మాత్రం ఓ మూల చేర్చేవారు. సికందర్ జా కాలపు నాణేల మీద 'సీన్', నసీరుద్దౌలా కాలపు వాటి మీద 'నూన్' కనిపించేది అందుకే.

1857 తిరుగుబాటు అణిగిపోయాక బహదూర్ షా జఫర్‌ను రంగూన్‌కు పంపేశారు. నాణెం మీద వేయడానికి బాదుషా అంటూ లేకుండా పోయాడు. అప్పుడు గద్దె మీద ఉన్నది అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా. విక్టోరియా రాణి పేరు వేస్తే హైదరాబాద్ తన మెడ తానే వంచినట్టవుతుంది. తన పేరు వేసుకుంటే తెల్లవాళ్ళకు నచ్చకపోవచ్చు. దీనికి దొరికిన ఉపాయం చూడండి: వంశకర్త బిరుదైన 'నిజాముల్ముల్క్ ఆసఫ్ జా బహదూర్' అనే మాటలు, వాటితో పాటు 92 అనే అంకె. అరబ్బీ అక్షరాలకు సంఖ్యల విలువ కట్టే అబ్జద్ లెక్కలో 'మీమ్' 40, 'హే' 8, మళ్ళీ 'మీమ్' 40, 'దాల్' 4. అన్నీ కూడితే 92. ముహమ్మద్ ప్రవక్త పేరు అది. బాదుషా ఖాళీ చేసిన చోట ఏ రాజు పేరూ రాకుండా గౌరవం నిలబెట్టుకున్న తీరు అది. దక్కను నాణేల్లో ఇంతకంటే తెలివైన రాజకీయ నిర్ణయం ఇంకొకటి కనిపించదు.

అప్పటికి సంస్థానంలో రకరకాల రూపాయిలు తిరుగుతున్నాయి. గోవింద్ బక్షీ రూపాయి, బాగ్‌చలానీ రూపాయి, గద్వాల, నారాయణపేట, వనపర్తి వైపు టంకసాలల రూపాయిలు ఉండేవి. ఒకదాని బరువుకూ, వెండి పాలుకూ ఇంకొకదానితో పొంతన లేదు. ఏ సరుకు కొన్నా ముందు రూపాయికి రూపాయి మార్చడంలోనే షరాబు తన వాటా తీసుకునేవాడు. దివాను మొదటి సాలార్‌జంగ్ (పదవీకాలం 1853–1883) ఈ చిల్లర టంకసాలలను మూయించి, నగరంలోని సర్కారు టంకసాలలోనే రూపాయి కొట్టేలా చేశాడు. అదే హాలీ సిక్కా. నిన్నమొన్నటి దాకా తెలంగాణ పల్లెల్లో పెద్దలు 'హాలీ రూపాయి' అంటూ వచ్చింది దీన్నే.

చార్మినార్ రూపాయిని చదవడం

సుత్తి దెబ్బతో కొట్టిన నాణేల అంచులు సమంగా ఉండవు. అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది కావడంతో రాతలో సగం బయటికి పోతుంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1890లలో యంత్రాలు వచ్చాయి. యంత్రం మీద తీసిన తొలి నాణేలను సేకర్తలు చర్ఖీ నాణేలంటారు. 1903లో టంకసాల సైఫాబాద్‌కు మారింది. ఆ తర్వాత వచ్చినదే చార్మినార్ రూపాయి. హైదరాబాద్ నాణెం అనగానే అందరికీ మెదిలేది అదే.

ఆ రూపాయిని ఒకసారి దగ్గరగా చూద్దాం. ముందు వైపు నడిమధ్య చార్మినార్. చుట్టూ పర్షియన్ లిపిలో ఆసఫ్ జాహీ బిరుదు. 92 అంకె, కింద హిజ్రీ సంవత్సరం. కట్టడపు ద్వారంలోకి భూతద్దం పెట్టి చూస్తే ఒక చిన్న అక్షరం ఉంటుంది. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలపు నాణెం. 'ఐన్' ఉంటే 1911లో గద్దెనెక్కిన ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపుది. ఈ 'ఐన్' మొదట్లో తల భాగం మాత్రమే ఉండి, ఆ తర్వాత పూర్తి రూపంలోకి వచ్చింది. సగం ఐన్ నాణేలు కొద్దికాలమే వచ్చాయి కాబట్టి వాటి ధర వేరు. చలామణిలోకి వచ్చిన ఏ నాణెం మీదా నిజాం ముఖం లేదు. ఒక్క అక్షరంతోనే సరిపెట్టారు. పక్కనే బ్రిటిష్ ఇండియా వారి కల్దార్ రూపాయి మీద ఇంగ్లండు రాజు తలకాయ నిండుగా ఉండేది. రెండూ ఒకే జేబులో పడ్డప్పుడు ఆ తేడా ఎవరికైనా తెలిసేదే.

వెనక వైపు విలువ, టంకసాల పేరు, పాలకుడు గద్దెనెక్కి ఎన్నో ఏడో తెలిపే అంకె ఉంటాయి. ఊరి పేరు ఒక్కటే ఉండదు, 'ఫర్ఖుందా బున్యాద్' అనే బిరుదుతో ఉంటుంది. శుభమైన పునాది గల నగరం అని దాని భావం. నాణేన్ని చదవడానికి పర్షియన్ పండితులు కానక్కర్లేదు. పది అంకెలు, ఓ ఇరవై మాటలు గుర్తుపట్టడం నేర్చుకుంటే హైదరాబాద్ నాణేల్లో చాలాభాగం చదివెయ్యవచ్చు. వారంలో అయ్యే పని. సేకరణలో అంత తక్కువ శ్రమకు అంత ఫలితమిచ్చేది మరొకటి లేదు.

హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో హెచ్చవేసి 622 కలిపితే దాదాపుగా క్రీస్తు శకం వస్తుంది. 1321 హిజ్రీ అంటే 1903. నోట్ల దగ్గరికి వచ్చేసరికి ఇది పనిచెయ్యదు. సర్కారీ కాగితాల్లో నడిచింది ఫసలీ సంవత్సరం, నోట్ల మీదా అదే. దానికి 590 కలపాలి. 1340 ఫసలీ అంటే 1930–31. ఒకే ప్రభుత్వం నాణెం మీద ఒక కాలమానం, నోటు మీద ఇంకో కాలమానం వాడింది. నాణెం మొగలుల నుంచి వచ్చిన ఆచారం, నోటు రెవెన్యూ లెక్కల నుంచి వచ్చిన వ్యవహారం. ఈ సంగతి తెలియక నోటు తేదీని హిజ్రీగా లెక్కవేసి, ఎనిమిది తొమ్మిదేళ్ళు వెనక్కి జరిపేవాళ్ళను ఇప్పటికీ చూస్తాం.

రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. బంగారంలో అష్రఫీ, దాని సగం, పావు, పావులో సగం ఉండేవి. వెండిలో రూపాయి, ఎనిమిది అణాలు, నాలుగు అణాలు, రెండు అణాలు. మిగతావి రాగి, కంచు, నికెల్ మిశ్రమం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లోహం కరువై రెండు పైల కంచు నాణేనికి మధ్యలో చిల్లు పెట్టారు. ఇప్పటికీ తక్కువ ధరకు దొరికే హైదరాబాద్ నాణేల్లో అదొకటి.

ఏడుకు ఆరు

కృష్ణ దాటి అటు మద్రాసు రాజధానిలోకి అడుగుపెడితే హాలీ చెల్లదు. ఇటునుంచి పత్తో, నూనెగింజలో అమ్ముకోవడానికి పోయిన వర్తకుడు కల్దార్ రూపాయిలతో తిరిగొచ్చేవాడు. సరిహద్దులో కరోడ్‌గిరీ నాకాలో సుంకం కట్టి, ఊళ్ళోకి వచ్చాక డబ్బు మార్చుకునేవాడు. మారకం రేటు చాలాకాలం పైకీ కిందికీ ఊగి, చివరికి ఒకచోట నిలబడింది. 100 కల్దార్ రూపాయిలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. ఇంత చిక్కుగా కనిపించే ఈ అంకె నిజానికి తేలికైన నిష్పత్తి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు.

ఈ నిష్పత్తి ఎక్కడో గాలిలోంచి ఊడిపడలేదు. తక్కెడలో పెట్టి చూడవచ్చు. హాలీ రూపాయి బరువు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. అంటే రూపాయికి 9.14 గ్రాముల వెండి. కల్దార్ రూపాయి బరువు 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం, అంటే 10.69 గ్రాములు. ఏడు హాలీల్లో 64 గ్రాముల వెండి ఉంటే, ఆరు కల్దార్లలో 64.1 గ్రాములు ఉంది. 1940లో కల్దార్‌లో వెండిని సగానికి తగ్గించేదాకా ఇదే లెక్క. పాత కాలపు దస్తావేజు చదివేటప్పుడు 'రూపాయలు' అని కనిపిస్తే అది హాలీనా, కల్దారా అని ముందు చూడాలి. పొలం ధరలోనో, కట్నం లెక్కలోనో ఏడో వంతు తేడా చిన్నది కాదు. తాతల కాలపు కాగితాలు ఇంట్లో ఉన్న తెలంగాణ కుటుంబాలకు ఇది పనికొచ్చే సంగతి.

కాగితం వచ్చిన దారి

సొంత నోట్లు వేసుకోవాలన్న ఆలోచన హైదరాబాద్‌కు చాలాకాలంగా ఉంది. సంస్థానాలకు ఆ హక్కు ఇవ్వడం బ్రిటిష్ వారికి ఇష్టం లేదు. నాణేన్నయితే దాని వెండి కాపాడుతుంది, నోటును కాపాడేది ప్రభుత్వపు మాట ఒక్కటే. ఒక నిజాం మాటకు అంత విలువ ఉందని ఒప్పుకోవడం వాళ్ళకు సులువైన విషయం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ఆ పట్టుదలను సడలించింది. వెండి దొరకలేదు. యుద్ధానికి హైదరాబాద్ ఇచ్చిన ధనసాయం కూడా తక్కువ కాదు. చివరికి 1918లో హైదరాబాద్ కరెన్సీ చట్టం కింద 10, 100 రూపాయల నోట్లు బయటికొచ్చాయి. ఏడవ నిజాం పేరు మీద దీన్ని ఉస్మానియా సిక్కా అన్నారు. 1919లో 1, 5 రూపాయల నోట్లు, 1926లో 1000 రూపాయల నోటు వచ్చాయి.

నోటు మీద ప్రధాన స్థానం ఉర్దూది. విలువను తెలుగు, మరాఠీ, కన్నడ లిపుల్లోనూ వేశారు. సంస్థానపు జనాభాలో దాదాపు సగం తెలుగువాళ్ళు, మరాఠ్వాడా వైపు మరాఠీవాళ్ళు, నైరుతి జిల్లాల్లో కన్నడిగులు. నాణెం మీద వీళ్ళ భాషలు ఒక్కటీ లేవు. నాణేన్ని చేత్తో పట్టుకుని, మోగించి, బరువు చూసి గుర్తుపట్టవచ్చు. కాగితం విలువ చదివితేనే తెలుస్తుంది. రైతు తన చేతిలో ఉన్నది అయిదా, పదా అని నమ్మాలంటే ఆ మాట అతని లిపిలో ఉండాలి. తెలుగు అక్షరం డబ్బు మీదికి ఎక్కింది కాగితం వల్లనే అని ఈ సంస్థానం వరకు చెప్పవచ్చు.

తొలి నోట్లు లండన్‌లో వాటర్లో అండ్ సన్స్ అచ్చువేసింది. అక్కడినుంచి ఓడలో రావాలి. నోట్ల సేకర్తలు ప్రపంచమంతటా చెప్పుకునే హైదరాబాద్ కథ ఇక్కడే మొదలవుతుంది. 1922 మే 19న 'ఈజిప్ట్' అనే ప్రయాణికుల ఓడ లండన్ రేవు నుంచి బొంబాయికి బయలుదేరింది. అందులో పది లక్షల పౌండ్లకు పైగా విలువైన బంగారం, వెండి ఉన్నాయి. వాటితో పాటు హైదరాబాద్ ప్రభుత్వానికి చెందిన కొత్త నోట్ల పెట్టెలు ఉన్నాయి. మర్నాడు సాయంత్రం ఫ్రాన్సు తీరంలో ఉషాంత్ దీవికి కొంత దూరంలో దట్టమైన మంచు పట్టింది. 'సేన్' అనే ఫ్రెంచి సరుకు ఓడ వచ్చి గుద్దింది. అరగంట కూడా పట్టలేదు, ఓడ మునిగిపోయింది. 80 మందికి పైగా చనిపోయారు.

ఓడ పడ్డ చోటు 120 మీటర్లకు పైగా లోతు. అప్పటి సాధనాలతో మనిషి అంత లోతున పనిచెయ్యడం జరగని పని అనుకునేవారు. జెనోవాకు చెందిన సోరిమా అనే ఇటాలియన్ సంస్థ 'ఆర్తిల్యో' అనే ఓడతో దిగింది. ఉక్కు కవచంలో కూర్చున్న ఈతగాడు కింద నుంచి టెలిఫోన్‌లో దారి చెబుతుంటే, పైనుంచి దించిన కొక్కెంతో ఓడ పైకప్పులను ఒక్కొక్కటిగా పెకలించారు. మధ్యలో ఇంకో మునిగిన ఓడను పేల్చేటప్పుడు 1930 డిసెంబరులో ఆర్తిల్యోయే తునాతునకలైంది, మనుషులు పోయారు. అదే పేరుతో రెండో ఓడను తెచ్చి పని సాగించారు. 1932 జూన్‌లో బంగారం చేతికి దొరికింది. ఆ కొక్కెంలోనే, బంగారంతో పాటు, పదేళ్ళుగా ఉప్పునీళ్ళలో నానిన హైదరాబాద్ నోట్లు కూడా పైకొచ్చాయి.

ఆ నోట్ల మీద సంతకం లేదు. హైదరాబాద్ చేరాక ఆర్థిక శాఖాధికారి సంతకం వేస్తే తప్ప అవి డబ్బు కావు. కాబట్టి చట్టం దృష్టిలో అవి అచ్చేసిన కాగితాలు మాత్రమే. ఇవాళ సేకర్తలు వాటినే ప్రత్యేకంగా కోరుకుంటున్నారు. ఉప్పునీటి మరకలు, రంగు వెలిసిన అంచులు, సంతకం చోట ఖాళీ అన్నవే వాటి గుర్తింపు. వేరే ఏ నోటుకైనా లోపమయ్యేది ఈ నోటుకు సాక్ష్యం. ఏడవ నిజాం ప్రభుత్వపు నోటు అట్లాంటిక్ అడుగున పదేళ్ళున్నా అక్షరం చెదరకుండా నిలిచిందంటే, వాటర్లో వారి కాగితం, సిరా ఎలాంటివో ఊహించుకోవచ్చు.

నాసిక్‌లో భారత ప్రభుత్వపు నోట్ల ముద్రణాలయం వచ్చాక హైదరాబాద్ నోట్లు కూడా అక్కడే అచ్చయ్యాయి. సొంత డబ్బుకు గర్వించిన సంస్థానం ఆ డబ్బును బ్రిటిష్ ఇండియా ప్రెస్సులోనే వేయించుకోవలసి వచ్చింది. 1941 నాటి చట్టంతో పుట్టిన హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఈ కరెన్సీ వ్యవహారాలు చూసేది. తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా తెలుగువాళ్ళందరికీ పరిచయమైన బ్యాంకు అదే. 2017లో అది భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది.

నోట్ల సేకరణలో సంతకాలే ప్రాణం. హైదరాబాద్ నోట్ల మీద సంతకం చేసినవారిలో గులాం ముహమ్మద్ తరువాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యాడు. జాహిద్ హుసేన్ స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్తాన్‌కు తొలి గవర్నర్ అయ్యాడు. ఒకే నమూనా నోటును సంతకాల వరుసలో పేర్చితే సంస్థానపు ఆఖరి దశాబ్దపు రాజకీయం కళ్ళముందుంటుంది. 1947 చివర్లో భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం సిరా ఆరకముందే, నిజాం ప్రభుత్వం తన సరిహద్దుల్లో భారత రూపాయి చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. ఢిల్లీకి మండిన విషయాల్లో ఇదొకటి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో ఆ పట్టుదల ముగిసింది. అయినా హాలీ రాత్రికి రాత్రి పోలేదు. 1950లో భారత రూపాయి ఏడుకు ఆరు లెక్కన పక్కన వచ్చి చేరింది. 1951లో కొత్త హాలీ ఆగింది. పూర్తిగా చెల్లకుండా పోయింది 1959లో. అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా తెలంగాణ సంతల్లో హాలీ చిల్లర ఉంది.

సరిహద్దు దాటని బిళ్ళలు

సంస్థానపు తొలి తపాలా బిళ్ళ 1869లో వచ్చింది. ఒక అణా విలువది. అచ్చు లండన్‌లో నిస్సెన్ అండ్ పార్కర్ తయారుచేసింది. మరుసటి ఏడాది వచ్చిన అర అణా, రెండు అణాల బిళ్ళలను స్థానికంగానే చెక్కారు. ఈ రెండే తపాలా బిళ్ళల విద్యార్థికి పండగ. ఒక్కో విలువకు పలక మీద 240 బిళ్ళలనూ చేత్తో విడివిడిగా చెక్కడంతో ఏ రెండూ ఒక్కలా ఉండవు. గీత వంపు, అక్షరం పొట్ట, అంచు పూల దూరం చూసి ఇది పలకలో ఎన్నో బిళ్ళో తేల్చడానికి జీవితాలు వెచ్చించినవాళ్ళున్నారు. 1871 నుంచి బ్రాడ్‌బరీ విల్కిన్సన్ చెక్కిన కొత్త నమూనా వచ్చి చాలాకాలం నడిచింది. దాని మీద విలువ ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు తెలుగు, మరాఠీలలో ఉంటుంది. ఆ చిన్న చోటులో నాలుగు లిపులు పట్టించిన చెక్కుడుపని మీద భూతద్దం పెట్టి కాసేపు ఆగడం ఎంతో న్యాయం.

ఈ బిళ్ళ సంస్థానం లోపలే చెల్లుతుంది. వరంగల్ నుంచి కరీంనగర్‌కు ఉత్తరం రాస్తే నిజాం బిళ్ళ చాలు. వరంగల్ నుంచి బెజవాడకు రాయాలంటే బ్రిటిష్ ఇండియా తపాలా కావాలి. సంస్థానంలోని సికింద్రాబాద్ వంటి చోట్ల బ్రిటిష్ తపాలా కార్యాలయాలు కూడా ఉండేవి. కల్దార్ రూపాయికీ హాలీకీ ఉన్న గోడే తపాలాలోనూ ఉంది. అందుకే విడి బిళ్ళ కంటే ముద్ర పడ్డ కవరుకు విలువెక్కువ. ఎక్కడినుంచి ఎక్కడికి పోయింది, ఎన్ని రోజులు పట్టింది, ఏ ఊరి ముద్ర ఉర్దూలో ఉంది, ఏది ఇంగ్లీషులో ఉంది అన్నది కవరే చెబుతుంది. పాత బిళ్ళను కవరు మీదినుంచి నీళ్ళలో నానబెట్టి ఊడదీయడం ఒకప్పుడు పిల్లలందరూ చేసిన పని. హైదరాబాద్ బిళ్ళల విషయంలో అది తీరని నష్టం. ప్రభుత్వ ఉత్తరాల కోసం 'సర్కారీ' అని ఉర్దూలో ముద్ర కొట్టిన బిళ్ళలు వేరొక పెద్ద శాఖ.

1931లో వచ్చిన చిత్రాల వరుసను చూస్తే నిజాం ప్రభుత్వం తన దేశాన్ని ఎలా చూపించుకోవాలనుకుందో తెలుస్తుంది. ఒక అణా మీద చార్మినార్, రెండు అణాల మీద హైకోర్టు, నాలుగు అణాల మీద ఉస్మాన్‌సాగర్, ఎనిమిది అణాల మీద అజంతా గుహల ముఖద్వారం, పన్నెండు అణాల మీద బీదరు మదరసా, రూపాయి మీద దౌలతాబాద్ చాంద్ మినార్. బౌద్ధ గుహ ఉంది, బహమనీ కట్టడం ఉంది, తాగునీటి చెరువు ఉంది. కాకతీయులు మాత్రం లేరు. 1937 రజతోత్సవ బిళ్ళల మీద యునానీ ఆసుపత్రి, ఉస్మానియా ఆసుపత్రి, ఉస్మానియా విశ్వవిద్యాలయం, జూబ్లీ హాలు వచ్చాయి. వరంగల్ కోటలోని కాకతీయ తోరణానికి మూడు అణాల బిళ్ళ మీద చోటు దొరికింది 1947లో, సంస్థానం ఆఖరి రోజుల్లో. గోల్కొండ కోట, విద్యుత్ కేంద్రం కూడా ఆ వరుసలోనివే. అదే తోరణం ఇప్పుడు తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో ఉంది. సంస్థానంలో దాదాపు సగం మంది మాట్లాడే భాషకు సంబంధించిన చరిత్ర, ఆ సంస్థానపు బిళ్ళ మీదికి ఎక్కడానికి దాదాపు 80 ఏళ్ళు పట్టిందన్నది గుర్తుపెట్టుకోవలసిన విషయం. 1950 ఏప్రిల్‌లో హైదరాబాద్ తపాలా భారత తపాలాలో కలిసింది.

సేకర్త తెలుసుకోవలసినవి

మన ఇళ్ళల్లో నాణేలకు జరిగే అతి పెద్ద అపకారం చింతపండు. ఇత్తడి బిందెను తోమినట్టు పాత రాగి నాణేన్ని చింతపండుతో తోముతారు, వెండి రూపాయిని ముగ్గుపిండితో రుద్దుతారు. మెరుపు వస్తుంది, ధర సగానికి పైగా పోతుంది. వందేళ్ళుగా లోహం మీద పేరుకున్న పొరే నాణేన్ని కాపాడుతున్న కవచం. అది పోయాక తిరిగి రాదు. మట్టి మరీ గట్టిగా పట్టి ఉంటే మంచినీళ్ళలో నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టడం వరకే. పీవీసీ కవర్లు వాడకూడదు. కొన్నేళ్ళకు వాటిలోంచి ఊరే జిగురు నాణెం మీద ఆకుపచ్చగా అంటుకుంటుంది. నోటును లామినేట్ చేస్తే ఇక అది నోటు కాదు. తపాలా బిళ్ళను వేళ్ళతో కాక పట్టుకారుతో పట్టుకోవాలి. వానాకాలపు చెమ్మకు, ముఖ్యంగా కోస్తా ఊళ్ళలో, వాడని బిళ్ళల జిగురు ఆల్బమ్ కాగితానికి అతుక్కుపోతుంది. సిలికా జెల్ పొట్లాలు పెట్టి, నిలువుగా నిలబెట్టి దాచుకోవాలి.

హాలీ రూపాయిలు పెద్ద సంఖ్యలో నగలయ్యాయి. లంబాడా స్త్రీల దండల్లో, పల్లెటూళ్ళ కాసుల పేర్లలో వాటికి కొక్కేలు అతికించారు. అలాంటి దండల్లోంచి విప్పిన నాణెం అంచున పన్నెండు గంటల చోట అతుకు మచ్చ ఉంటుంది. దాన్ని అరగదీసి అమ్మడం అంగడిలో మామూలే. హైదరాబాద్ జుమ్మేరాత్ బజారులో కొన్నా, వేలంలో కొన్నా, అంచును చుట్టూ తిప్పి చూడనిదే డబ్బు ఇవ్వకూడదు. నకిలీలకు మొదటి పరీక్ష తక్కెడ. 11.18 గ్రాముల రూపాయి పదిన్నర తూగితే, ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టాలి. 1870 నాటి స్థానిక బిళ్ళలకు తరువాతి కాలపు పునర్ముద్రణలున్నాయి. వాటి కాగితం తెల్లగా ఉంటుంది, తొలి వాటి కింద కొనకూడదు.

నాణెం ఎక్కడ దొరికిందన్నది నాణెమంత ముఖ్యం. గోదావరి ఒడ్డున కోటిలింగాల వద్ద స్థానికులు ఏరి భద్రపరచిన నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివి, సిముకుడనే తొలి శాతవాహన రాజు పేరును, అతనికి ముందున్న గోబద, నారన, సమగోప అనే స్థానిక పాలకుల పేర్లను వెలికి తీశారు. శాతవాహనుల మొదలు ఎక్కడన్న వాదంలో ఆ చిన్న నాణేలు బలమైన సాక్ష్యమయ్యాయి. అవే ఏ కొట్లోనో ఊరూ పేరూ లేకుండా గుట్టగా పడి ఉంటే వాటికి ఆ బలం ఉండేది కాదు. కాబట్టి ప్రతి వస్తువుతో పాటు ఒక చీటీ ఉంచాలి. ఎవరి దగ్గర, ఏ ఊళ్ళో, ఎప్పుడు తీసుకున్నదీ అందులో రాయాలి.

భూమిలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే జిల్లా కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం. వందేళ్ళు దాటిన నాణేలు 1972 నాటి చట్టం కింద పురావస్తువులు. వాటిని ఇంట్లో ఉంచుకోవచ్చు, దేశంలో కొనవచ్చు, అమ్మవచ్చు. విదేశాల్లో ఉన్న పిల్లలకు కానుకగా పంపడం మాత్రం నేరం. అమెరికాకు వెళ్ళేటప్పుడు పెట్టెలో అమ్మమ్మ అష్రఫీ పెట్టుకునేవాళ్ళు ఇది గమనించాలి. 2016లో రద్దయిన 500, 1000 నోట్లను 2017 చట్టం ప్రకారం మామూలుగా 10కి మించి, అధ్యయనం కోసమైతే 25కి మించి ఉంచుకోకూడదు.

సైఫాబాద్‌లోని పాత టంకసాల భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. నాణేలు తయారయ్యే క్రమాన్ని, పాత యంత్రాలను అక్కడ చూడవచ్చు. పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో దక్కను నాణేల పెద్ద నిల్వ ఉంది. భారత ప్రభుత్వం 1950లో స్వాధీనం చేసుకున్న హైదరాబాద్ టంకసాల 1997లో చర్లపల్లికి మారి, ఇప్పటికీ పనిచేస్తోంది. అక్కడ తయారైన నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందుగా జేబులోని చిల్లరలో ఆ నక్షత్రాన్ని ఏరవచ్చు. తరువాత చిల్లున్న రెండు పైల నాణెం, ఆ పైన ఒక ఐన్ రూపాయి, 1931 చార్మినార్ అణా బిళ్ళ ముద్ర పడిన ఒక కవరు కొనుక్కోవచ్చు. ఈ నాలుగింటికీ పెద్ద ఖర్చు కాదు. ఉస్మానియా సిక్కా నోటు కొనే ముందు మాత్రం సంతకాల జాబితా, ఫసలీ లెక్క రెండూ చేతికి వచ్చి ఉండాలి.